పార్కు తాళం ఎవరి దగ్గరుంది? పట్టణాల్లో ఉమ్మడి స్థలాలు, ఇరుగుపొరుగు పొత్తు

ఒక కాలనీ పార్కు పొద్దున అయిదింటి నుంచి తొమ్మిదింటి దాకా, సాయంత్రం నాలుగింటి నుంచి ఎనిమిదింటి దాకా తెరిచి ఉంటుందనుకుందాం. మన నగరాల్లో చాలా పార్కుల గేట్ల మీద ఇంచుమించు ఇవే వేళలు కనిపిస్తాయి. బోర్డు రాయించినవాళ్ళకి ఎవరినో బయట పెట్టాలన్న ఉద్దేశం ఉండి ఉండదు. నీళ్ళు పెట్టుకోవాలి, ఊడ్చుకోవాలి, మిట్టమధ్యాహ్నం ఎవరొస్తారులే అనుకుని ఉంటారు. కానీ ఆ నాలుగు అంకెలు చూస్తే చాలు, ఆ పార్కులోకి ఎవరు వస్తారో, ఎవరు రారో చెప్పేయొచ్చు. నాలుగిళ్ళలో పని చేసే ఆవిడకి కాస్త కూర్చునే వీలు చిక్కేది పదకొండుకీ రెండింటికీ మధ్య. తెల్లవారుజామునే చీపురు పట్టిన పారిశుధ్య కార్మికురాలి పని తెమిలేది మధ్యాహ్నానికి. భోజనం ఆర్డర్లు తగ్గాక డెలివరీ కుర్రాడు నీడ వెతుక్కునేది మూడింటికి. పక్క సందులో అపార్టుమెంటు లేస్తుంటే అక్కడి కూలీల పిల్లలు రోజంతా ఇసుక కుప్ప మీదే ఉంటారు. వీళ్ళు రాగలిగిన వేళకి పార్కుకి తాళం ఉంటుంది. తాళం తీసేసరికి వీళ్ళు మళ్ళీ పనిలో ఉంటారు. ఒకే వార్డులో బతికే రెండు రకాల జనం ఏళ్ళ తరబడి ఎదురుపడకుండా ఉండడానికి గోడలు అక్కర్లేదు, ఈ వేళలు చాలు.

బహిరంగ స్థలాలు జనాన్ని కలుపుతాయన్న మాట మాస్టర్ ప్లాన్లలో ఉంటుంది, శంకుస్థాపన ఉపన్యాసాల్లోనూ వినిపిస్తుంది. నిజమే, కానీ కొన్ని షరతుల మీద నిజం. అక్కడికి రావడానికి జనానికి ఏదో ఒక పని ఉండాలి. వచ్చాక కాసేపు ఆగడానికి వసతి ఉండాలి. ఎవరి అనుమతీ అడగక్కర్లేకుండా ఉండగలగాలి. ఈ మూడూ కుదిరినా, పెత్తనమంతా ఒకే వర్గం చేతిలో ఉంటే కొన్నాళ్ళకి ఆ స్థలం వాళ్ళదే అయిపోతుంది. కోట్లు పెట్టి కట్టిన పార్కులు వెలవెలబోవడానికి, ఎవరూ ఏమీ కట్టని రోడ్డు మలుపులు కళకళలాడడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది.

ముఖ పరిచయం విలువ

జనం కలవడం అనే మాటలో మూడు వేరువేరు సంగతులున్నాయి. ఒకటి, ఒకే చోట ఉండడం: ట్యాంక్ బండ్ మీద ఆదివారం సాయంత్రం వేలమంది ఉంటారు, ఎవరికెవరూ తెలియదు. రెండు, ముఖ పరిచయం: పేరు తెలియకపోయినా రోజూ కనిపించే మనిషి, ఎదురైతే తలూపే మనిషి. మూడు, కలిసి ఒక పని చేయడం. ఈ మూడింటికీ కావలసిన స్థలాలు వేరు, వాటివల్ల ఒరిగేదీ వేరు. ఒకటోదాన్ని ఏర్పాటు చేసి మూడోది జరుగుతుందని ఎదురుచూడడమే చాలా ప్రాజెక్టుల్లో జరిగే పొరపాటు.

మూడింటిలో ముఖ పరిచయాన్నే జనం తక్కువ అంచనా వేస్తారు. ఉద్యోగం మారినవాళ్ళలో చాలామందికి ఆ కబురు దగ్గరి స్నేహితుల కన్నా అంతంతమాత్రం తెలిసినవాళ్ళ ద్వారానే అందిందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే చూపించారు. దగ్గరివాళ్ళకి తెలిసిందే మనకీ తెలిసి ఉంటుంది. కొత్త కబురు వచ్చేది మన గుంపు బయటి నుంచే.

ఆపద వేళ ఈ పరిచయాల విలువ ఇంకా పెరుగుతుంది. 1995 జులైలో షికాగో నగరంలో వడగాలికి 739 మంది చనిపోయారు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే పరిశోధకుడు అక్కడ పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చి చూశారు. రెండింటిలోనూ పేదరికం ఉంది, ఒంటరిగా బతికే ముసలివాళ్ళూ ఉన్నారు. అయినా ఒకదాంట్లో మరణాల రేటు రెండోదాని కన్నా సుమారు పదింతలు. తక్కువమంది పోయిన పేటలో వీధులు కిటకిటలాడేవి, దుకాణాలు తెరిచి ఉండేవి, ముసలివాళ్ళు ధైర్యంగా బయటికి వచ్చి చల్లటి చోట కూర్చునేవాళ్ళు. ఎక్కువమంది పోయిన పేటలో ఖాళీ స్థలాలు, మూతబడ్డ కొట్లు, భయం. అక్కడివాళ్ళు తలుపులు బిగించుకుని లోపలే ఉండిపోయారు.

మనకిది దూరపు కథేమీ కాదు. 2015 మే నెల వడగాల్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండాకాలంలో చలివేంద్రం పెట్టే ఆనవాయితీ మనకి ఎప్పటి నుంచో ఉంది. కుండ, గ్లాసు, పందిరి, నీళ్ళు పోసే ఒక మనిషి. అంతకన్నా తక్కువ ఖర్చుతో బహిరంగ స్థలం తయారుకాదు. అయితే ఇప్పుడు పెట్టే చలివేంద్రాల్లో చాలావాటికి ఫ్లెక్సీ పెద్దదిగా, నీడ చిన్నదిగా ఉంటోంది. నీళ్ళు తాగి వెంటనే కదలాల్సిందే. పందిరిని ఇంకో పది అడుగులు పొడిగించి రెండు బల్లలు వేస్తే ఆటో డ్రైవరూ, పండ్లబండి ఆవిడా, బస్సు కోసం వచ్చిన పెద్దాయనా పది నిమిషాలు కూర్చుంటారు. రెండు రోజులు రాని మనిషి గురించి ‘ఏమయ్యాడు?’ అన్న ప్రశ్న పుట్టేది అలాంటి చోటే.

కలిస్తే పొత్తు పెరుగుతుందా, తగాదా పెరుగుతుందా?

రెండూ జరుగుతాయి. ఏది జరుగుతుందో ఎలా కలిశారన్నదాన్ని బట్టి ఉంటుంది. 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త దీనికి నాలుగు షరతులు చెప్పారు: కలిసిన చోట ఇద్దరిదీ సమాన హోదా అయి ఉండాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, దాన్ని సాధించడానికి ఒకరికొకరు సాయపడాలి, పైన ఉన్న వ్యవస్థ ఆ కలయికను సమర్థించాలి. పనిమనిషి, యజమానురాలు రోజూ కలుస్తారు. మొదటి షరతే అక్కడ లేదు కాబట్టి ఆ కలయిక వల్ల కులభేదం తగ్గదు.

దీన్ని మన దేశంలోనే క్రికెట్‌తో పరీక్షించి చూశారు. మ్యాట్ లో అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్‌లో వేరువేరు కులాలకు చెందిన 1,261 మంది యువకులతో అధ్యయనం చేశారు. లాటరీ పద్ధతిలో కొందరిని ఒకే కులం జట్లలో, కొందరిని కలగలుపు జట్లలో వేసి లీగు ఆడించారు. ఒకే జట్టులో ఆడినవాళ్ళ మధ్య కులాలు దాటిన స్నేహాలు పెరిగాయి. ప్రత్యర్థులుగా ఎదురుపడినప్పుడు అలాంటి ఫలితం రాకపోగా కొంత చెరుపే జరిగింది. 2021లో అచ్చయిన ఈ అధ్యయనం మన మైదానాలకు నేరుగా పనికొస్తుంది. ఆదివారం గ్రౌండులో ‘బస్తీ టీమ్ వర్సెస్ కాలనీ టీమ్’ అని మ్యాచ్ పెట్టడం మంచి ఉద్దేశంతోనే జరుగుతుంది. అది ఉన్న గీతనే ఇంకాస్త ముదురు చేస్తుంది. దాని బదులు అందరి పేర్లూ చీటీలు రాసి తీసి జట్లు కట్టాలి. ఒక్క మ్యాచ్‌తో వదిలేయకుండా అవే జట్లతో నెల రోజుల లీగు ఆడించాలి. స్కోరు రాసే పని, సామాను మోసే పని వంతులవారీగా తిరగాలి. బంతులు తెచ్చేవాడు ఎప్పుడూ బస్తీ పిల్లవాడే, కెప్టెన్ ఎప్పుడూ కాలనీ పిల్లవాడే అయితే సమాన హోదా అక్కడే పోయింది.

ఇందులో ఒక హద్దు కూడా గుర్తుపెట్టుకోవాలి. ఇరాక్‌లో క్రైస్తవుల ఫుట్‌బాల్ జట్లలో ముస్లిం ఆటగాళ్ళను చేర్చి సల్మా మూసా అనే పరిశోధకురాలు చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. ఆటలో కలిసినవాళ్ళ మధ్య మార్పు కనిపించింది, నెలల తర్వాత కూడా కలిసి సాధన చేశారు. మైదానం బయట, పరిచయం లేని ముస్లింల పట్ల ఆ క్రైస్తవ ఆటగాళ్ళ తీరు మాత్రం అంతగా మారలేదు. మైదానం నుంచి ఆశించదగ్గది అంతవరకే. అది తక్కువేమీ కాదు.

రైతుబజారు ఎందుకు పనిచేస్తుంది

మన నగరాల్లో వేరువేరు ఆదాయాల జనం రోజువారీగా పక్కపక్కన నిలబడే చోటు ఏదని అడిగితే పార్కు కన్నా ముందు రైతుబజారు పేరు చెప్పాలి. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇవి మొదలయ్యాయి. దళారీ లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలన్నది అసలు ఉద్దేశం. జనాన్ని కలపడం ఎవరూ పెట్టుకున్న లక్ష్యం కాదు. అయినా కలిపింది, కారణాలు దాని అమరికలోనే ఉన్నాయి.

మెహదీపట్నంలోనో ఎర్రగడ్డలోనో పొద్దున ఏడింటికి లోపలికి వెళ్తే ముందు కనబడేది ధరల బోర్డు. టమాట కిలో ఎంత, బెండకాయ ఎంత, పచ్చిమిర్చి ఎంత అన్నది ఆ రోజుకి రాసి ఉంటుంది. టోకు ధరకు పైన, బయటి చిల్లర ధరకు కింద ఉండేలా ఆ రేటు నిర్ణయిస్తారు. ఎస్టేట్ అధికారి ఉంటాడు, రైతుకి గుర్తింపు కార్డు ఉంటుంది. ఈ బోర్డు చేసే మేలు ఒకటి బయటికి కనిపించదు. కారులో వచ్చినావిడకీ, నడిచి వచ్చినావిడకీ ధర ఒకటే. బేరమాడే అవసరం తగ్గితే ‘నన్ను మోసం చేస్తున్నారా’ అన్న అనుమానం తగ్గుతుంది. అప్పుడు ‘ఈ వంకాయ ఏ ఊరిది? ఎన్ని రోజులు ఉంటుంది? గుత్తి కూరకి పనికొస్తుందా?’ అన్న మాటలకి చోటు దొరుకుతుంది. సమాన హోదా, వ్యవస్థ దన్ను అని ఆల్‌పోర్ట్ చెప్పిన షరతుల్లో రెండు ఆ నల్లబల్ల మీదే తీరిపోతున్నాయి. పైగా కూరగాయలు వారానికి రెండు మూడుసార్లు కావాలి, కాబట్టి అవే ముఖాలు మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి.

ఇది చెడిపోయేదీ ఆ అమరిక చెడినప్పుడే. రైతు కార్డుతో వ్యాపారి కూర్చుంటే ముఖాలు అవే ఉన్నా నమ్మకం పోతుంది. బోర్డు మీద నిన్నటి ధరలే ఉంటే మళ్ళీ బేరాలు, మళ్ళీ గొడవలు. ఇక కూర్చునే చోటు గురించి ఎవరూ పట్టించుకోలేదు. సంచి దించుకుని అయిదు నిమిషాలు ఊపిరి పీల్చుకోవడానికి బయటి గోడ పక్కన ఓ అరుగు, ఓ చెట్టు, ఓ కుళాయి ఉంటే సంతలో పుట్టిన పలకరింపు ఇంకో రెండు మాటలు సాగుతుంది. చాలా బజార్ల బయట ఆ జాగా అంతా బైకుల పార్కింగే.

బెంచీ, చెట్టు, గోడ, మరుగుదొడ్డి

ఇప్పుడు పార్కు దగ్గరికి వద్దాం. ఇక్కడ చిన్న కొలతలే పెద్ద తేడా తెస్తాయి.

గోడ సంగతి ముందు. ఆరడుగుల కాంపౌండ్ గోడ కడితే భద్రత అనుకుంటారు. లోపల ఏం జరుగుతోందో వీధికి కనపడదు, వీధిలో ఎవరున్నారో లోపలికి కనపడదు. వీధి మీద జనం కళ్ళు ఉండడమే అసలైన కాపలా అని నగరాల మీద రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. రెండడుగుల గోడ, దాని మీద మూడడుగుల గ్రిల్ చాలు. ఆ రెండడుగుల గోడ పైభాగం నున్నగా, అడుగున్నర వెడల్పుతో ఉండి, గ్రిల్‌ని లోపలి అంచుకు బిగిస్తే బయటివైపు అది అరుగవుతుంది. గేటు ఒక్కటే ఉంటే అది బస్తీ వైపు ఉందా, కాలనీ వైపు ఉందా అన్నదే పార్కు ఎవరిదో చెప్పేస్తుంది. రెండువైపులా గేట్లుండి, మధ్యలో దగ్గరి దారి పడితే, పార్కుకి రావాలని అనుకోనివాళ్ళు కూడా రోజూ దాని గుండా నడుస్తారు.

బెంచీ ఎత్తు నేల నుంచి 45 సెంటీమీటర్లు. అంతకన్నా కిందకి ఉంటే మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు లేవలేరు. వీపుకి ఆనుడు, లేచేటప్పుడు పట్టుకోవడానికి చేతిపట్టీ ఉండాలి. ‘ఫలానావారి జ్ఞాపకార్థం’ అని పేరు చెక్కిన సిమెంటు బల్లలు వరసగా ఒకే దిక్కుకి వేసేస్తారు. వరసలో కూర్చున్నవాళ్ళు మెడ తిప్పితే గానీ మాట్లాడుకోలేరు. రెండు బల్లల్ని మూల కలిసేలా వేస్తే మోకాలూ మోకాలూ ఎదురుపడి మాట సాగుతుంది. అపరిచితులు ఒకే బల్ల చివర కూర్చోవడానికీ అది వీలుగా ఉంటుంది, ఎందుకంటే చూపు తప్పించుకోవడం కూడా సులువు. న్యూయార్క్‌లోని చిన్న చిన్న కూడళ్ళను 1970ల్లో కెమెరాలు పెట్టి గమనించిన విలియమ్ వైట్ అనే పరిశోధకుడు తేల్చింది చాలా మామూలు విషయం: కూర్చోవడానికి చోటున్న దగ్గరే జనం కూర్చుంటారు. ఆయన పని ఆధారంగా ఆ నగరం 1975లో ప్రతి 30 చదరపు అడుగుల కూడలికి ఒక అడుగు పొడవు కూర్చునే చోటు ఉండాలని నిబంధన పెట్టింది.

మన ఎండలకి ఆ లెక్క ఒక్కటే చాలదు. గ్రానైట్ బల్ల మేలో రాత్రి ఏడింటికి కూడా సెగలు కక్కుతుంది. బల్ల ఎక్కడ వేయాలో తేల్చేది చెట్టే. కానుగ, వేప, రావి వేసి, నీడ పడే చోట బల్ల వేయాలి. ఫొటోల్లో బాగుంటాయని రాయల్ పామ్‌లు, నిటారు అశోక చెట్లు వరసలుగా వేసిన పార్కులో పన్నెండింటికి నిలబడడానికి నీడ దొరకదు. మధ్యాహ్నం ఎవరూ రారు కాబట్టి మూస్తున్నాం అంటారు గానీ, రాకపోవడానికి కారణం ఈ నాటడంలోనే ఉంది.

మరుగుదొడ్డి లేకపోతే ఆడవాళ్ళు అరగంటకి మించి ఉండరు. ఉండి తాళం వేసినా, నీళ్ళు రాకపోయినా ఫలితం ఒకటే. వెలుతురు విషయంలో ఒక హైమాస్ట్ దీపం వేసి చేతులు దులుపుకోవడం మామూలైపోయింది. ఎత్తు నుంచి పడే వెలుగు చెట్ల కింద చీకటిని ఇంకా చిక్కగా చేస్తుంది. నాలుగైదు మీటర్ల స్తంభాలు, నడకదారి పొడవునా, ఎదుటి మనిషి ముఖం గుర్తుపట్టేంత వెలుగు కావాలి.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. వియన్నా నగరంలో 1990ల చివర జరిపిన పరిశీలనలో పదేళ్ళ వయసు దగ్గర పడేసరికి ఆడపిల్లలు పార్కుల్లో కనిపించడం బాగా తగ్గిపోతోందని తేలింది. మధ్యలో ఒకే పెద్ద మైదానం ఉంటే అది మగపిల్లల చేతిలోకి వెళ్తోంది, పోట్లాడి చోటు దక్కించుకోవడం ఇష్టంలేక అమ్మాయిలు మానేస్తున్నారు. రెండు పార్కుల్లో ఆ మైదానాన్ని చిన్న భాగాలుగా విడగొట్టి, వాలీబాల్, బ్యాడ్మింటన్ కోర్టులు, అదనపు దారులు వేశారు. అమ్మాయిలు తిరిగి వచ్చారు. మన గ్రౌండ్లలో పొద్దుటి నుంచి చీకటి పడేదాకా నడిచేది క్రికెట్టే. ఒక మూల షటిల్ నెట్, ఒక మూల ఖోఖో ఆట స్తంభాలు పాతితే, అక్కడి నుంచి బౌండరీ గీత పదిహేను అడుగులు వెనక్కి జరిపితే అదే స్థలంలో మూడు గుంపులు ఇముడుతాయి.

మధ్యాహ్నం తెరిచి చూడాలనుకుంటే మూడు నెలల ప్రయోగంగా మొదలుపెట్టడం మంచిది. వేసవిలో కాకుండా అక్టోబరులో మొదలుపెట్టాలి. మొదటి నెలలోనే ‘చెత్త పెరిగింది, ఎవరెవరో వచ్చి పడుకుంటున్నారు’ అన్న ఫిర్యాదు తప్పకుండా వస్తుంది. చెత్త పెరిగితే డబ్బాలు ఎన్ని ఉన్నాయి, రోజుకి ఎన్నిసార్లు తీస్తున్నారన్నది ముందు చూడాలి. పడుకోవడం గురించి చెప్పాలంటే, ఎండలో పని చేసి వచ్చిన మనిషి చెట్టు కింద కన్ను మూస్తే పార్కుకి వచ్చే నష్టం ఏమీ లేదు.

గేటు దగ్గరి బండి

పార్కు బాగు చేయగానే ముందు తీసేసేది గేటు ముందున్న మిర్చి బజ్జీల బండిని, చాయ్ బండిని. ఇది అందం పేరుతో కాళ్ళు నరుక్కోవడమే. బండి దగ్గర ఆగడానికి ఒక కారణం ఉంటుంది, రాత్రి తొమ్మిదింటి దాకా ఓ దీపం వెలుగుతుంది, అక్కడ రోజూ నిలబడే మనిషికి వీధిలో ప్రతి ముఖమూ తెలుసు. 2014 వీధి వ్యాపారుల చట్టం దీన్ని కొంతవరకు గుర్తించింది. సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఖాళీ చేయించాల్సి వస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. జనాభాలో 2.5 శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు కల్పించాలి. వీధి వ్యాపారం సంగతులు చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు మహిళలు.

కాగితం మీద వెండింగ్ జోన్ (బండ్లు పెట్టుకునే చోటు) గీసినప్పుడు తప్పు ఎక్కడ జరుగుతుందంటే, జనం నడవని సందులో గీస్తారు. బండి అక్కడికి పోదు, పోతే బేరం ఉండదు, వారంలో పాత చోటికే వస్తుంది, మళ్ళీ దాడులు. కొలిచి చేస్తే ఇద్దరికీ చోటుంటుంది: ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డంకి లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆ 1.8 మీటర్లకి రంగు గీత వేసి, బండ్లు గీత అవతల అని చెబితే చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది, బజ్జీలూ వేగుతాయి.

స్థలమే మిగలకపోతే

కేంద్ర ప్రభుత్వ పట్టణ ప్రణాళిక మార్గదర్శకాలు 2014లో తలకి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలన్నాయి. మన పేటల్లో స్థలం ఎక్కడ జారిపోతుందో తెలుసుకోవాలంటే లేఅవుట్ కాగితాలు చూడాలి. లేఅవుట్ వేసినవాళ్ళు పార్కుకని చూపిన స్థలాన్ని స్థానిక సంస్థ పేరున గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రిజిస్టర్ చేసి ఇవ్వాలి. అది జరగకపోతే కొన్నేళ్ళకి అదే స్థలం బై నంబర్లతో (పక్క ప్లాటు నంబరుకి ఉపసంఖ్యలు వేసి) ప్లాట్లుగా అమ్ముడుపోతుంది. అనుమతి లేని లేఅవుట్లలో 10 శాతం ఖాళీ స్థలం లేకపోతే క్రమబద్ధీకరణ పథకం కింద ప్లాటు విలువలో 14 శాతం రుసుము కట్టించుకున్నారు. రుసుము ఖజానాకి చేరుతుంది. ఆ వీధిలో పిల్లలు ఆడుకోవడానికి చోటు మాత్రం పుట్టదు.

కాలనీవాళ్ళు చేయగలిగింది ఉంది. టౌన్ ప్లానింగ్ విభాగం నుంచి ఆమోదించిన లేఅవుట్ నకలు తీసుకోవాలి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరుకి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీయించి గిఫ్ట్ డీడ్ ఉందో లేదో చూడాలి. లేకపోతే కమిషనర్‌కి రాసి రసీదు తీసుకోవాలి. డీడ్ ఉంటే సర్వేయర్‌తో కొలిపించి హద్దురాళ్ళు పాతించాలి. బెంగళూరులో పార్కుకి కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి ఇవ్వడాన్ని 1991లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పార్కు స్థలాన్ని ఇంకో పనికి మళ్ళించినప్పుడు వాదించేవాళ్ళకి ఇప్పటికీ ఆ తీర్పే ఆధారం.

ఖాళీ ప్లాట్ల విషయం ఇంకోటి. యజమాని అమెరికాలో ఉంటాడు, ప్లాటులో సర్కారు తుమ్మ, చెత్త, పాములు. ఫిలడెల్ఫియాలో ఇలాంటి 541 ఖాళీ స్థలాల మీద అధ్యయనం జరిగింది. కొన్నింటిని శుభ్రం చేసి, చదును చేసి, గడ్డీ కొన్ని చెట్లూ నాటి, లోపలికి నడిచివెళ్ళే ఖాళీలతో పొట్టి కర్ర కంచె వేశారు. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం పేదల పేటల్లో ఆ స్థలాల చుట్టూ తుపాకీ హింస 29 శాతం తగ్గింది. అక్కడ పనిచేసింది ఖరీదైన నిర్మాణమేమీ కాదు. ఎవరో చూసుకుంటున్నారని తెలిసేలా ఉండడం, లోపలికి రావచ్చని తెలిసేలా ఉండడం.

ట్యాంక్ బండ్, ఇందిరా పార్కు

2021 ఆగస్టులో హైదరాబాద్ ట్యాంక్ బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపేసి ‘సండే ఫండే’ మొదలుపెట్టారు. అక్టోబరులో చార్మినార్ దగ్గరా అలాంటిదే జరిగింది. వీటివల్ల ముఖ పరిచయాలు ఏర్పడవు. ఎవరి కుటుంబంతో వాళ్ళు వస్తారు, ఎవరి చాప మీద వాళ్ళు కూర్చుంటారు. అయినా నగరం నడిబొడ్డున, టికెట్ లేకుండా, ఏ బట్టల్లో వచ్చినా ఎవరూ ఎగాదిగా చూడని చోట నాలుగు గంటలు గడపడం అంటే ‘ఈ ఊరు నాది కూడా’ అని ఒంటికి తెలియడం. దాని విలువ దానికుంది. వారం పొడవునా అదే రోడ్డు దాటడానికి వణకాల్సి వస్తే ఆ భావం నిలవదు.

అదే 2021 ఆగస్టులో ఇందిరా పార్కు గేటు దగ్గర పెళ్ళికాని జంటలకు ప్రవేశం లేదంటూ బ్యానర్ వెలిసింది. విమర్శలు రాగానే తీసేశారు. బహిరంగ స్థలాన్ని ఎవరి నీతికి తగ్గట్టు నడపాలన్న ప్రశ్న ఆ గుడ్డ ముక్కతో బయటపడింది. ఆ పార్కు పక్కనే, జనం నిరసనలు తెలిపే చోటైన ధర్నా చౌక్‌ని 2017లో మూసేస్తే హైకోర్టు జోక్యంతో మళ్ళీ తెరుచుకుంది. జనం పొత్తు అంటే అందరూ నవ్వుతూ నడవడం ఒక్కటే కాదు. కోపం వచ్చినవాళ్ళు నలుగురి కళ్ళెదుట కూర్చుని చెప్పుకునే చోటు లేకపోతే ఆ కోపం వీధుల్లోకి ఇంకో రూపంలో వస్తుంది.

లెక్క, కమిటీ, పండగలు

మీ పేటలోని స్థలం ఎలా నడుస్తోందో తెలుసుకోవడానికి కన్సల్టెంట్ అక్కర్లేదు. రెండు పనిదినాలు, ఒక ఆదివారం; పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం అయిదు, రాత్రి ఎనిమిది. ఒక్కోసారి పది నిమిషాలు చుట్టూ తిరిగి లోపల మగవాళ్ళు ఎందరు, ఆడవాళ్ళు ఎందరు, పిల్లల్లో అమ్మాయిలెందరు, పెద్దవయసువాళ్ళెందరు, కూర్చున్నది ఎందరో రాసుకోవాలి. మొత్తం రెండున్నర గంటల పని. ఆడవాళ్ళ సంఖ్య మగవాళ్ళలో సగం కూడా లేకపోతే వెలుతురు, మరుగుదొడ్డి, గుంపుల సంగతి చూడాలి. అందరూ నడుస్తూ ఎవరూ కూర్చోకపోతే నీడ, బల్లల సంగతి. మార్పు చేసిన మూడు నెలలకి అవే వేళల్లో మళ్ళీ లెక్కపెట్టాలి.

కమిటీలో కాలనీ సంఘం, వాకర్లు ఎలాగూ ఉంటారు. బస్తీ మహిళా సంఘం నుంచి ఇద్దరు, గేటు దగ్గరి వ్యాపారి ఒకరు, పార్కు ఊడ్చే మనిషి ఒకరు ఉండాలి. సమావేశం ఆదివారం పొద్దున పెడితే రోజుకూలీలూ రాగలరు. మంగళవారం సాయంత్రం ఆరింటికి పెడితే పనిలో ఉంటారు. ‘పిలిచాం, రాలేదు’ అన్న మాట అక్కడే పుడుతుంది.

అసలు పరీక్ష పండగలప్పుడు. వినాయక మండపం, బతుకమ్మ, ఇఫ్తార్, క్రిస్మస్ పాటలు అన్నిటికీ అదే పార్కు కావాలి. పార్కుల్లో, రోడ్ల మీద అనుమతి లేకుండా ప్రార్థనా స్థలాలు కట్టనివ్వకూడదని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న ఆదేశించింది. అది శాశ్వత కట్టడాల మాట. తాత్కాలికంగా వాడుకోవడానికి ఒకే కాగితం మీద రాసిన నిబంధన అందరికీ ఉండాలి: ఎన్ని రోజుల ముందు అడగాలి, ఎంత భాగం వాడుకోవచ్చు, పిల్లల ఆటస్థలం వదిలేయాలి, మైకు రాత్రి పదింటికి ఆగాలి, గుంతలు పూడ్చాలి. నోటిమాటగా ఒక పండగకి ఒప్పుకుని ఇంకో పండగ వచ్చేసరికి అర్జీ అడిగితే, ఆ పార్కు ఎంత బాగా కట్టినా పేట రెండుగా చీలుతుంది. శుభ్రత డిపాజిట్ అందరి దగ్గరా ఒకే మొత్తం తీసుకోవాలి. పందిరి విప్పిన మర్నాడు కమిటీవాళ్ళూ, పండగ చేసినవాళ్ళూ కలిసి నేల చూసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి, డిపాజిట్ అక్కడికక్కడే తిరిగిచ్చేయాలి. నెల రోజులు తిప్పించుకుంటే మరుసటి ఏడు ఎవరూ కట్టరు.